బి.ఆర్.అంబేద్కర్ (ఆర్థికవేత్త)

భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ (ఏప్రిల్ 14, 1891 - డిసెంబర్ 6, 1956) భారత రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడు, న్యాయవాది, సంఘసంస్కర్త. రాజ్యాంగ నిర్మాతగా ప్రసిద్ధుడైన ఈయన ఉన్నత విద్యలో ప్రధానముగా అభ్యసించినది అర్థశాస్త్రము. ప్రభుత్వ ఆర్థిక విధానముల భారము ఎవరిపై పడుచున్నదో లెక్కలతో నిరూపించుట ఈయన రచనలలోని విశేషము.

విద్యాభ్యాసము

అంబేద్కర్ నేటి మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణములో జన్మించాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యములో సుబేదారు. అంటరానిదిగా ఎంచబడిన మహర్ కులములో పుట్టినందున పాఠశాలలో తోటి పిల్లలకు దూరముగా కూర్చోవలసి వచ్చింది. 1912లో బొంబాయిలో బి.ఏ. పూర్తిచేశాడు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో చేరాడు. అచ్చట ఎడ్విన్ సెలిగ్మన్ వద్ద ప్రభుత్వ విత్తశాస్త్రము చదివి, ఈస్టిండియా కంపెనీ ఆర్థిక పరిపాలనపై వ్యాసమునకు 1915లో ఎం.ఏ. పొందాడు.

1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరినా, ఉపకారవేతనము గడువు ముగియుటతో 1917లో చదువు ఆపి స్వదేశమునకు తిరిగివచ్చాడు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. జీతములో కూడబెట్టిన సొమ్ముతోను, కొల్హాపూర్ షాహూ మహారాజు, ఒక పార్సీ మిత్రుడు చేసిన సాయముతోను 1920లో మరల లండన్ వెళ్ళాడు.

ఆర్థిక రచనలు

1918లో చిన్న కమతములపై వ్రాసిన వ్యాసములో, కమతము చిన్నదగుట ఒక్కటే దోషము కాదని, భూమిపై ఆధారపడిన జనము మితిమీరుటయే అసలు చిక్కని వాదించాడు. దానికి పరిశ్రమల అభివృద్ధిని పరిష్కారముగా సూచించాడు.

డి.ఎస్సీ. పట్టమునకు 1922లో సమర్పించిన రూపాయి సమస్య గ్రంథమును పరీక్షకులు సవరింపుమని తిప్పిపంపారు. తన నిర్ణయములను విడువక దానిని తిరిగి వ్రాసి, 1923లో పట్టము పొందాడు. గురువు ఎడ్విన్ కానన్ అన్ని వాదములతో ఏకీభవింపకున్నను దానికి ముందుమాట వ్రాశాడు. స్వర్ణ వినిమయ ప్రమాణమును సమర్థించిన జాన్ మేనార్డ్ కీన్స్ అభిప్రాయమును అంబేద్కర్ ఇందులో ఖండించాడు. ఆ పద్ధతిలో రూపాయల ముద్రణకు హద్దు లేదని, ధరలు పెరిగినపుడు నష్టపోవునది కూలిపై బ్రతుకు బీదవాడేనని ఆయన వాదము.

బ్రిటిషు ఇండియాలో రాష్ట్రముల విత్త పరిణామముపై గ్రంథము 1925లో వెలువడింది. దీనికి కొలంబియా 1927లో పి.హెచ్‌డి. ఇచ్చింది.

హిల్టన్ యంగ్ కమిషన్

భారత ద్రవ్య విధానమును విచారించుటకు 1925లో ఏర్పడిన ఈ రాయల్ కమిషన్ ఎదుట అంబేద్కర్ సాక్ష్యమిచ్చాడు. రూపాయల ముద్రణను నిలిపివేసి, బంగారు నాణెమును చెలామణీలోనికి తేవలెనని కోరాడు. బంగారు నాణెముల చెలామణీని కమిషన్ అంగీకరింపలేదు. కేంద్ర బ్యాంకు ఏర్పాటుకు మాత్రము 1926లో సిఫారసు చేసింది. రిజర్వు బ్యాంకు 1935లో ప్రారంభమైనది. అది అంబేద్కర్ ప్రణాళిక ప్రకారమే ఏర్పడినదనుట సరికాదు. ఆ చర్చలో ఆయన స్వతంత్ర వాదమును వినిపించాడనుట యథార్థము.

తరువాతి జీవితము

1942 నుండి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను నిర్వహించాడు. ఆయన అధ్యక్షతన సిద్ధమైన రాజ్యాంగ ముసాయిదాలో కేంద్ర, రాష్ట్రముల నడుమ పన్నుల పంపిణీకి ఆర్థిక సంఘము ఏర్పాటు చేయబడినది. యౌవనమున ఆయన పరిశోధించినదియు ఈ పంపిణీ సమస్యయే. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము 1953లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1956లో ఢిల్లీలో మరణించాడు. 1990లో మరణానంతరము భారతరత్న పురస్కారము లభించింది.