అలెగ్జాండరు బెయిను పండితుడు

వ్యాసమునందలి ప్రతి పేరాయు తన విషయమును మొదటి వాక్యముననే తెలుపవలెనని ఉపాధ్యాయులు విద్యార్థులకు మాటిమాటికి చెప్పుచుందురు. ఈ నియమమును శాస్త్రరీతిగా వ్రాసియుంచిన వారిలో ముఖ్యుడు ఒక సాలెవాని కుమారుడని మన బాలబాలికలలో ననేకు లెఱుగరు. ఆయన చరిత్రము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అలెగ్జాండరు బెయిను 1818వ సంవత్సరము జూను 11వ తేదీన స్కాట్లండు దేశమందలి అబర్డీను పట్టణమున జన్మించెను. తండ్రి మగ్గము నేసి జీవించువాడు. మతనిష్ఠయందు మిక్కిలి కఠినుడు. ఇంట కలిమి లేనందున బాలుడు పదునొకండవ యేట బడి మాని నేతపనిలో ప్రవేశింపవలసి వచ్చెను. అయినను చదువు మానలేదు. పనివారికొఱ కేర్పడిన విద్యాసంస్థలో ఉపన్యాసములు వినుచు, పుస్తకభాండాగారమున దొరకిన గ్రంథములు చదువుచు, 1836లో మారిషల్ కళాశాలయందు చేరి, 1840లో పట్టభద్రుడయ్యెను. జాన్ స్టూవర్టు మిల్లు తన తర్కశాస్త్రగ్రంథమును 1843లో ప్రకటించుటకు ముందు దానిని సవరించుటలో బెయిను తోడ్పడెను.

మతవిషయమున ఆయన యభిప్రాయములు పెద్దలకు సమ్మతములు కానందున స్వదేశమున ఆచార్యపదవి చాలకాలము దక్కలేదు. ఆ యభిప్రాయములు మాకును సమ్మతములు కావు. అయినను శ్రద్ధగల పండితుని యొద్ద పాఠము నేర్చుకొనుటకు అది యడ్డు కాదని మా తలంపు. 1860లో అబర్డీనులోని రెండు కళాశాలలు ఏకమై విశ్వవిద్యాలయము కాగా, తర్కమును ఇంగ్లీషును బోధించు పదవి ఆయనకు లభించెను. అంతవఱ కచ్చట ఈ రెండింటికిని తగిన యాదరణము లేకుండెను. ఆ కొఱత తీర్చుటకై బెయిను 1863లో వ్యాకరణమును, 1866లో వ్యాసరచనను గూర్చిన గ్రంథమును ప్రకటించెను.

ఈ రెండవ గ్రంథమున పేరాకు ఆఱు నియమములు గలవు. వాక్యమునకు వాక్యమునకు గల సంబంధము స్పష్టముగా నుండవలెననునది యొకటి. పేరా తన ఉద్దేశమును విడిచి పెడదారి పట్టరాదనునది మఱియొకటి. మొదటి వాక్యము విషయమును ప్రస్ఫుటముగా సూచింపవలెననునది మూడవది. దానికి విషయవాక్యమను పేరు ఆయన పెట్టినది కాదు. తరువాత అమెరికా దేశపు పాఠ్యగ్రంథకర్తలు వాడుకలోనికి తెచ్చినది.

ఒక యుదాహరణము చూతము. తాటిచెట్టును గూర్చి వ్రాయు బాలుడు, అందు వ్యర్థమగు భాగ మొకటియు లేదని మొదట వ్రాసెననుకొందము. పిమ్మట ఆకు ఇంటికప్పునకును, మ్రాను దూలమునకును, నార త్రాళ్లకును, ముంజెలు తినుటకును ఉపయోగించునని చెప్పుట తగును. ఆ నడుమ చెట్టుమీదినుండి జారిపడిన మేనమామ కథను తగిలించినచో, అదెంత రసవంతమైనను వేఱొక పేరాకు పోవలసినదే. మొదటి వాక్యమును సరిగా వ్రాసికొన్నవానికి ఈ దోషము వెంటనే కనబడును. వ్రాసికొననివానికి కథయు దూలమును ఒకే తీరున తోచును. నియమములోని బలమిదియే. నూఱు పత్రములు దిద్దవలసిన పరీక్షాధికారికి కలుగు సుఖమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాని బెయిను దీనిని ఇనుపకట్టుగా చేయలేదు. మొదటి వాక్యము ముందు రాబోవు దానికి ఉపోద్ఘాతమని తెలియునట్లుండినచో, విషయము తరువాత రావచ్చునని విడుదల నిచ్చెను. పాఠశాలలలో ఈ విడుదలను చాలమంది మఱచిరి. 1974లో రిచర్డు బ్రాడక్కు అను అమెరికా పండితుడు ఆ దేశపు ప్రసిద్ధ పత్రికలలోని వ్యాసములను పరిశీలించి, నూటికి సుమారు 13 పేరాలు మాత్రమే విషయవాక్యముతో మొదలగుచున్నవని కనుగొనెను. దీనిని విని మా విద్యార్థులు సంతోషింపవలదు. చేయి తిరిగిన రచయితలు ఆ వాక్యమును వ్రాయకున్నను, విషయమును మనస్సున నిలుపుకొనియే సాగుదురు. నేర్చుకొనువాడు దానిని కాగితముపై నుంచుటయే మేలు.

తక్కిన చరిత్రము స్వల్పము. మనస్తత్త్వశాస్త్రమున బెయిను వ్రాసిన గ్రంథములు ఇంకను ప్రసిద్ధములు. ఆ శాస్త్రమునకై 1876లో మైండ్ అను పత్రికను స్థాపించి, 1891 వఱకు దాని ఖర్చులను తానే భరించెను. 1880లో పదవి విడువగా, విద్యార్థులు ఆయనను రెండుమాఱులు విశ్వవిద్యాలయమునకు రెక్టరుగా నెన్నుకొనిరి. 1903వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన అబర్డీనులోనే కాలధర్మము నొందెను. తన సమాధిపై ఱాయి నిలుపవలదనియు, తన గ్రంథములే తనకు జ్ఞాపకచిహ్నములనియు ఆయన కడపట కోరెను.