తొలి భారతీయ నౌకాదళాధిపతి

దక్కను పీఠభూమి నడుమ, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న నగరం హైదరాబాదు. ఆ జంటనగరాలలో చదువుకున్న విద్యార్థి ఒకరు భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఆయనే వైస్ అడ్మిరల్ రామదాస్ కఠారి.

కఠారి 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో జన్మించారు. సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాల ఉన్నత పాఠశాలలోను, నిజాం కళాశాలలోను విద్యాభ్యాసం చేశారు. భారతీయ యువకులను వాణిజ్య నౌకల అధికారులుగా తీర్చిదిద్దడానికి 1927లో బొంబాయిలో ‘డఫరిన్’ శిక్షణ నౌక ఏర్పడింది. ఆయన దాని మొదటి జట్టులో చేరారు. తరువాత కలకత్తా రేవులో ఉద్యోగిగా హుగ్లీ నది సర్వే పనులు నిర్వహించారు. ఇసుకమేటలు తరచు చోటు మార్చే ఆ నదిలో ఓడలు క్షేమంగా సాగాలంటే లోతులను ఎప్పటికప్పుడు కొలవక తప్పదు. ఆ పని ఆయనకు ఓర్పును నేర్పింది.

1939లో రెండో ప్రపంచయుద్ధం ప్రారంభం కాగానే కఠారి నౌకాదళంలో చేరి, జలాంతర్గాములను ఎదుర్కొనే విద్యలో ప్రావీణ్యం సంపాదించారు.

స్వాతంత్ర్యం సిద్ధించిన వెంటనే నౌకాదళం పగ్గాలు భారతీయుల చేతికి రాలేదు. 1949లో సైన్యానికి, 1954లో వైమానిక దళానికి భారతీయులు అధిపతులయ్యారు. నౌకాదళంలో మాత్రం దీర్ఘానుభవం గల భారతీయ అధికారులు కొద్దిమందే ఉండటంతో బ్రిటిష్ వారే కొనసాగారు. ఆ కొరతను తీర్చిన వారిలో కఠారి అగ్రగణ్యులు. 1956లో యుద్ధనౌకల సముదాయానికి నాయకత్వం వహించిన ఆయన, 1958 ఏప్రిల్ 22న నౌకాదళాధిపతి అయ్యారు.

ఆయన హయాంలోనే 1961 మార్చి 4న దేశపు తొలి విమానవాహక నౌక ‘విక్రాంత్’ నౌకాదళంలో చేరింది. అదే ఏడాది డిసెంబరులో గోవా విముక్తి పోరాటం జరిగింది. కార్వార్ తీరానికి చేరువలోని అంజదీవ్ ద్వీపాన్ని నౌకాదళం స్వాధీనం చేసుకుంది. ఆ విజయానికి ఏడుగురు నావికులు ప్రాణాలర్పించారు.

1962లో పదవీ విరమణ చేసిన కఠారి, ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులయ్యారు. 1964 నుండి 1969 వరకు బర్మాలో భారత రాయబారిగా పనిచేశారు. అక్కడ వ్యాపారాలు జాతీయం కావడంతో తెలుగువారితో సహా వేలాది భారతీయులు స్వదేశానికి తరలివస్తున్న కష్టకాలమది. 1967లో ఉభయ దేశాల మధ్య సరిహద్దు ఒప్పందం కుదిరినప్పుడు ఆయనే రాయబారి.

కఠారి 1983 జనవరి 21న కన్నుమూశారు. నదిలో లోతులు కొలిచిన ఉద్యోగి నౌకాదళాధిపతి కావడం ఒక్కనాటి అదృష్టం కాదు. అప్పగించిన ప్రతి పనిలోను సంపాదించిన అనుభవమే, సమయం వచ్చినప్పుడు ఆయనను ఆ బాధ్యతకు అర్హుణ్ణి చేసింది.