మనసుల దర్శకుడు - ఆదుర్తి సుబ్బారావు

జగిత్యాల సీమలోని ధర్మపురి క్షేత్రాన్ని పావనం చేస్తూ సాగే గోదావరి, ఎన్నో ఊళ్ళను, ఎన్నెన్నో జీవితాలను ఒరసుకుంటూ రాజమహేంద్రవరం చేరుతుంది. ఆ నగరంలో పుట్టి, ఆ నది మీద పడవ నడిపే ఒక నిరుపేద మూగవేదనకు వెండితెరపై శాశ్వత రూపాన్ని ప్రసాదించిన దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. జనరంజకమైన చిత్రాలతో గడించిన ధనాన్ని, కీర్తిని జనహితమైన చిత్రాల కోసం పణంగా పెట్టిన సాహసి ఆయన.

సుబ్బారావు 1912 డిసెంబరు 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. చలనచిత్రం పట్ల గౌరవం అంతగా లేని ఆ రోజుల్లో ఆయన ఛాయాగ్రహణ విద్యపై మక్కువతో బొంబాయి నగరానికి వెళ్ళారు. సుప్రసిద్ధ నాట్యాచార్యుడు ఉదయశంకర్ నిర్మించిన 'కల్పన' (1948) చిత్రానికి పనిచేశారు. చిత్రనిర్మాణంలోని వివిధ శాఖలలో అనుభవం గడించిన తరువాతనే దర్శకత్వం చేపట్టారు. 1954లో 'అమర సందేశం' చిత్రంతో దర్శకులైనప్పుడు ఆయన వయస్సు నలభై దాటింది. ఆలస్యంగా అందిన అవకాశాన్ని ఆయన క్షణమైనా వృథా చేయలేదు. తరువాతి ఇరవై ఒక్క సంవత్సరాలలో తెలుగు, తమిళ, హిందీ భాషలలో ముప్పైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించారు.

పౌరాణిక, జానపద చిత్రాలకు విశేషాదరణ ఉన్న కాలమది. ఆదుర్తి మాత్రం సామాన్యుని ఇంటి ముంగిట నిలిచి, లోపలి సుఖదుఃఖాలను పరికించారు. అన్నపూర్ణా సంస్థకు తీసిన 'తోడికోడళ్ళు' (1957) ఉమ్మడి కుటుంబంలోని అనురాగాలను, అపార్థాలను చిత్రించింది. బెంగాలీ రచయిత శరత్‌చంద్రుని నవల దీనికి ఆధారం. 'మాంగల్యబలం' (1959), 'వెలుగు నీడలు' (1961), 'ఇద్దరు మిత్రులు' (1961) చిత్రాలు వరుసగా ప్రజల మన్నన పొందాయి. రైతుల కష్టాన్ని కథావస్తువుగా గ్రహించిన 'నమ్మినబంటు' (1960) స్పెయిన్ దేశంలోని శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవం దాకా వెళ్ళింది. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' ఆధారంగా రూపొందిన 'డాక్టర్ చక్రవర్తి' (1964) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పిన నంది బహుమతులలో తొలి ఉత్తమ చిత్రంగా స్వర్ణ నందిని అందుకొంది.

'మంచి మనసులు', 'మూగ మనసులు', 'తేనె మనసులు', 'కన్నె మనసులు' - ఈ పేర్లే ఆయన దృష్టి దేనిమీద నిలిచిందో తెలుపుతాయి. వీటిలో 1964లో విడుదలైన 'మూగ మనసులు' శిఖరాయమానమైనది. గోపి అనే పడవవానికి, సంపన్న గృహంలో పుట్టిన రాధకు నడుమనున్న మాటలకందని ఆత్మీయతే ఆ కథకు ప్రాణం. అంతస్తుల భేదాన్ని మరణం కూడా గెలువలేదని, అనురాగం జన్మాంతరాలకు సాగుతుందని ఆ చిత్రం సూచించింది. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున నటనకు గోదావరి తీరం సహజమైన రంగస్థలమైంది. ఇదే కథను 1967లో ఎల్.వి. ప్రసాద్ 'మిలన్' పేరుతో హిందీలో నిర్మించగా, దర్శకత్వం ఆదుర్తియే వహించారు. ఆ విజయం ఆయనకు ఉత్తరాది చిత్రసీమ ద్వారాలను తెరిచింది.

పేరుపొందిన తారలు ఉంటేనే చిత్రం ఆడుతుందన్న నమ్మకాన్ని కూడా ఆదుర్తి సవాలు చేశారు. నూతన నటీనటులు కావాలని పత్రికలలో ప్రకటన ఇచ్చి, వచ్చినవారి నుండి ఎంపిక చేసుకొని, 1965లో 'తేనె మనసులు' చిత్రాన్ని రంగులలో తీశారు. ఆ చిత్రంతో కథానాయకుడైన కృష్ణ తరువాత తెలుగు తెరపై అగ్రనటులలో ఒకరయ్యారు. ఆదుర్తి వద్ద సహాయకుడిగా మెలకువలు నేర్చిన కె. విశ్వనాథ్ ప్రఖ్యాత దర్శకుడై, 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారానికి ఎంపికయ్యారు.

విజయపరంపర నడుమ ఆదుర్తి మనస్సులో ఒక అసంతృప్తి మిగిలింది. ప్రజలు మెచ్చేది ఇవ్వడంతోనే కళాకారుని బాధ్యత తీరుతుందా? ఈ ప్రశ్నకు సమాధానంగా ఆయన, అక్కినేని కలిసి చక్రవర్తి చిత్ర సంస్థను స్థాపించారు. ఇరువురూ లాభాపేక్షను పక్కనపెట్టారు. ఆ సంస్థ నిర్మించిన 'సుడిగుండాలు' యువతరం నేరాల వైపు మళ్ళడానికి కారణాలను అన్వేషించింది. కన్నకొడుకును కోల్పోయిన న్యాయమూర్తి, హంతకులైన యువకులను ద్వేషించక, వారిని అలా తయారుచేసిన సమాజాన్నే దోషిగా నిలబెట్టడం ఇందులోని ఇతివృత్తం. 1967 సంవత్సరానికి జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఇది గౌరవం పొందింది. కాని ప్రేక్షకులు ఆదరించలేదు. అయినా ఆయన వెనుకంజ వేయక, కులమతాల ఊసు తెలియని కొత్త తరాన్ని స్వప్నించే 'మరో ప్రపంచం' (1970) తీశారు. దానికీ ధనలాభం దక్కలేదు. ఆ నష్టాలను ఓర్చుకొని, హిందీలోను తెలుగులోను మళ్ళీ జనరంజక చిత్రాలు తీస్తూ ఆయన నిలదొక్కుకున్నారు. 1973లో వచ్చిన 'మాయదారి మల్లిగాడు' ఆయన ప్రజాదరణకు మరొక నిదర్శనం.

పదకర్త క్షేత్రయ్య జీవితాన్ని తెరకెక్కిస్తున్న సమయంలో, 1975 అక్టోబరు 1న ఆదుర్తి కన్నుమూశారు. అసంపూర్ణంగా మిగిలిన ఆ చిత్రాన్ని సి.ఎస్. రావు పూర్తిచేయగా, 'మహాకవి క్షేత్రయ్య' పేరుతో 1976లో విడుదలైంది.

అనేక చిత్రాలు తీయడం ఒక్కటే గొప్పతనం కాదు. గెలుపు తెచ్చిన సంపదను ఓటమికి జంకక, ఒక మంచి తలపు కోసం వెచ్చించగలగడం అరుదైన గుణం. 'మూగ మనసులు' చూసినవారు ఆయన హృదయాన్ని తెలుసుకుంటారు; 'సుడిగుండాలు' చూసినవారు ఆయన ధైర్యాన్ని తెలుసుకుంటారు. ఈ రెండూ కలిసినప్పుడే ఆదుర్తి సుబ్బారావు సంపూర్ణంగా దర్శనమిస్తారు.