నాడిని పక్కనపెట్టిన డాక్టర్ లౌరీ

మా విజయపురి సౌత్‌లో ఎవరైనా గుంటూరులోనో, హైదరాబాదులోనో ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వస్తే, చూడవచ్చిన పెద్దలు ముందుగా చెయ్యి పట్టుకుని నబ్జ్ చూస్తారు. నాడి బాగుందంటే ఇంటివారికి సగం ధైర్యం. ఆపరేషన్ బల్లమీద ఈ నాడిని చూడాలా, అక్కరలేదా అని 130 ఏళ్ళ క్రితం హైదరాబాదులో పెద్ద వాదమే నడిచింది. దాన్ని నడిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లౌరీ జీవితాన్ని ఈ వారం చెప్పుకుందాం.

లౌరీ 1846లో జన్మించారు. ఆ మరుసటి ఏడే ఎడిన్‌బరోలో క్లోరోఫాం వాడకం మొదలైంది. నొప్పి తెలియకుండా కత్తి పెట్టవచ్చని లోకం సంతోషించింది. కాని 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక, కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి కొద్ది క్షణాల్లో ప్రాణం విడిచింది. ఆగింది గుండెనా, ఊపిరా? నాడి మీద వేలుంచాలని లండన్ వైద్యులు, శ్వాసను గమనిస్తే చాలని ఎడిన్‌బరో సర్జన్ సైమ్ అనుయాయులు వాదించారు. లౌరీ సైమ్ పక్షం.

లాహోరులో పనిచేసిన తర్వాత ఆయన హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రినీ, మెడికల్ స్కూలునూ చూసుకున్నారు. మత్తు ఇవ్వడంలో పేరు గడించిన తొలి మహిళల్లో ఒకరైన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ స్కూల్లో చదివినవారే.

1888లో లౌరీ ప్రోద్బలంతో క్లోరోఫాం కమిషన్ ఏర్పడి కుక్కల మీద ప్రయోగాలు చేసింది. ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. లండన్ పత్రిక లాన్సెట్ దీన్ని ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించారు. 1889లో డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చి, ప్రయోగాలు చూసి, లౌరీతోనే ఏకీభవించారు. హైదరాబాదు పేరు లోకమంతా మారుమోగింది.

అయితే 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు పలుచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండెను ఉన్నట్టుండి గిలగిల కొట్టుకునేలా చేసి ఆపేయగలదని చూపారు. శ్వాసను చూడాలన్న లౌరీ మాట మంచిదే. గుండెను చూడనక్కరలేదన్నదే పొరపాటు. 1915లో ఆయన మరణించారు.

ఈ కథలో మరో ముడి ఉంది. బ్రంటన్ గురువుల్లో ఒకరు జర్మనీ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్. ఊపిరి పీల్చినప్పుడు నాడి కాస్త వేగపడుతుందనీ, వదిలినప్పుడు నెమ్మదిస్తుందనీ ఆయన 1847లోనే యంత్రంతో గీయించి చూపారు. అంటే ఊపిరి, గుండె వేర్వేరు సాక్షులు కావు. ఆరోగ్యవంతుని గుండె గడియారంలా సమానంగా కొట్టుకోదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి సెకనులో వెయ్యోవంతుల లెక్కన మారుతూనే ఉంటుంది. వేగస్ అనే నరం ఆ పగ్గాన్ని పట్టి ఉంచుతుంది.

పెద్ద ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా గుండె ఆపరేషన్ తర్వాత, ఈ మార్పు బాగా తగ్గిపోతుంది. శరీరం కోలుకునే కొద్దీ మెల్లగా తిరిగి వస్తుంది. దీన్ని ఇసిజి యంత్రం కొలుస్తుంది. చేతి వేళ్ళకు అంత సన్నని తేడా అందదు. పైగా వయసు, జ్వరం, నొప్పి, నిద్రలేమి, గుండెకు వాడే కొన్ని మాత్రలు కూడా ఆ లెక్కను మారుస్తాయి. నాడి పూర్తిగా గతి తప్పి కొట్టుకోవడం మాత్రం ఇది కాదు, అది జబ్బు.

కాబట్టి కోలుకున్నారనడానికి ఈ ఒక్క లెక్క చాలదు. గాయం, జ్వరం, ఆకలి, నడక అన్నీ చూడాలి. ఇంటికి వచ్చిన రోగి చెయ్యి పట్టుకుని నాడి బాగుందని చెప్పే ముందు, ఒక్క గుర్తునే నమ్ముకున్న లౌరీని మనం తలచుకోవాలి. ఆయాసమో, గుండె దడో, కళ్ళు తిరగడమో కనిపిస్తే నబ్జ్ చూస్తూ కూర్చోక వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలని మా మనవి.