విలియం గ్రే వాల్టర్

విలియం గ్రే వాల్టర్ (1910 ఫిబ్రవరి 19 - 1977 మే 6) మెదడులోని విద్యుత్ తరంగాలను పరిశోధించిన శాస్త్రవేత్త. తనంతట తాను తిరిగే రోబోలను మొదట నిర్మించినవారిలో ఒకడు. ఇతడు అమెరికాలోని కాన్సస్ సిటీలో జన్మించాడు. బాల్యంలోనే ఇంగ్లాండు చేరి, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చదివాడు. అక్కడ పరిశోధక పదవి లభించక లండను ఆసుపత్రులలో పనిచేశాడు. 1939లో బ్రిస్టల్‌లోని బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు.

జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ కనుగొన్న ఈఈజీ పద్ధతిని ఇతడు మెరుగుపరచాడు. 1936లో డెల్టా తరంగాల ఆధారంగా మెదడులో కణితి ఉన్న చోటును గుర్తించాడు.

తాబేళ్ళు

కోట్లాది నాడీకణాలు లేకుండా, కొద్దిపాటి భాగాలను తగినట్లు కలిపినంత మాత్రాన ప్రాణిని పోలిన ప్రవర్తన పుడుతుందా అన్నది వాల్టర్‌ను వేధించిన ప్రశ్న. దీనిని తేల్చడానికి 1948-49లో ఎల్మర్, ఎల్సీ అనే రెండు యంత్రాలను నిర్మించాడు. మూడు చక్రాలు, పైన డిప్ప ఉండడం వలన వీటికి తాబేళ్ళని పేరు వచ్చింది. రెండు వాల్వులే వీటి మెదడు. ఒక ఫొటోసెల్ కన్నుగానూ, డిప్పకు అమర్చిన స్విచ్చి స్పర్శగానూ పనిచేసేవి. ఇవి మందమైన వెలుతురు వైపు సాగి, తీవ్రమైన వెలుతురు నుండి తొలగిపోయేవి. అయితే బ్యాటరీ క్షీణించినపుడు ఆ విముఖత తగ్గి, దీపం వెలిగే తమ గూటిలోకి వెళ్ళి ఛార్జి చేసుకునేవి.

అన్నిటికన్నా విశేషమైనది రెండు తాబేళ్ళు ఎదురుపడినపుడు జరిగేది. చుక్కాని మోటారు తిరుగుతున్నదని చూసేవారికి తెలియడానికే ముందుభాగంలో చిన్న దీపం పెట్టారు. ఎదుటి దీపం కనిపించగానే మోటారు ఆగి, తన దీపం ఆరిపోయేది. దానితో రెండవదానికి ఆకర్షణ పోయేది. ఇలా ఒకదానికొకటి దగ్గరవుతూ, తొలగుతూ నాట్యమాడినట్లు కదిలేవి. వాటి మధ్య సందేశాలు లేవు, ఆజ్ఞాపించే కేంద్రమూ లేదు. అన్నిటికీ కనిపించేలా వేరొక దీపం పెడితే ఆ గుంపు చెదిరి, అవి పోటీదారులుగా మారేవి. స్థానిక గ్రహణశక్తితోనే నడిచే నేటి రోబో సమూహాల పరిశోధనకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

1951లో మరి ఆరు తాబేళ్ళు తయారుకాగా, కొన్నిటిని ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో ప్రదర్శించారు. 1953లో వాల్టర్ గ్రంథం ది లివింగ్ బ్రెయిన్ వెలువడింది.

చివరి దశ

ఏదైనా జరుగబోతున్నదని ఎదురుచూసేటపుడు మెదడులో కలిగే విద్యుత్ మార్పును 1964లో సహచరులతో కలిసి ప్రకటించాడు. 1970లో స్కూటరు ప్రమాదంలో, తాను జీవితమంతా పరిశోధించిన మెదడుకే తీవ్రమైన గాయం తగిలి, పరిశోధన ఆగిపోయింది. 1977లో మరణించాడు. 1951 నాటి తాబేళ్ళలో ఒకదానిని 1995లో ఓవెన్ హాలండ్ బాగుచేయించి తిరిగి నడిపించాడు.