పేరు రాసిన పేపర్లు, పేరు లేని మందులు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన కుటుంబాల్లో పరిశోధన చేసేవారు ఒకరిద్దరైనా ఉంటారు. ఎన్ని పేపర్లు వచ్చాయి, ఎన్ని సైటేషన్లు ఉన్నాయి అనే మాట మన విందుల్లో కూడా వినిపిస్తుంది. కొందరం గ్రీన్‌కార్డు దరఖాస్తులో కూడా ఆ లెక్క చూపించాం. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే, శాస్త్రవేత్తలు తమ వ్యాసం చివర తమకు ఉపయోగపడిన పాత వ్యాసాల పేర్లు రాస్తారు. అలా ఒకసారి రాస్తే ఒక సైటేషన్. వేల సైటేషన్లు పొందిన ఒక ప్రసిద్ధ వ్యాసం మీద మన తెలుగువారి పేరుంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాసవలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆంగ్లేయ ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రాకుండా ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో చనిపోయారు. 1920ల మొదట్లో భార్య శేషగిరి గారిని ఇండియాలోనే ఉంచి బోస్టన్ వచ్చారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు.

తర్వాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే తేలిక పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ద్రవం నీలంగా మారుతుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. చవకైన పద్ధతి కావడంతో ఎన్నో ల్యాబుల్లో వాడారు, వాడినవారు ఆ వ్యాసాన్ని ఉదహరించారు.

అదే పద్ధతిని కండరం మీద ప్రయోగిస్తే నీలం రంగు రావడం ఆలస్యమైంది. లెక్క తప్పిందని వదిలేయకుండా, ఎందుకు ఆలస్యమైందని వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నారు. మన గుండె కొట్టుకోవడానికి ఖర్చయ్యే శక్తి ఏటీపీ. అది తరిగితే వెంటనే నింపే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. గుండె బలహీనపడితే ఈ రెండింటి నిష్పత్తి తగ్గుతుందని నేటి హృద్రోగ పరిశోధకులు ఎం.ఆర్. యంత్రాలతో కొలిచి చూస్తున్నారు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు వెళ్ళి, అక్కడ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఇక్కడి నుంచి ఆయన పనిని పేపర్ల లెక్కతో తూచలేం. ఫోలిక్ ఆమ్లం తయారీ గురించిన 1946 నాటి వ్యాసంలో ఆయన పేరు పదిమందికి పైగా ఉన్న జాబితాలో ఒకటి. ఆ విటమిన్ స్ప్రూ రోగులకు పనిచేసింది, కానీ సోదరులు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. గోదావరి జిల్లాలవారికి బాగా తెలిసిన బోదకాలు వ్యాధికి 1947లో వచ్చిన హెట్రజాన్ కూడా ఆయన విభాగం నుంచే వచ్చింది. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్‌ను కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆయనకు ఆ పని అప్పగించి అండగా నిలిచిన విభాగం సుబ్బారావు గారిది.

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించారు. రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా మేలు జరిగింది. ఆ మందు అమినోప్టెరిన్ తయారైంది సుబ్బారావు గారి బృందంలో. రచయితల పేర్లలో మాత్రం ఆయన లేరు. నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువు లాంటిది.

రెండు నెలలకే, ఆగస్టులో, నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, తిరిగి స్వదేశం చూడలేదు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సైటేషన్ల లెక్క వద్దని మేము అనడం లేదు. 1925 వ్యాసం విలువ తెలిసింది ఆ లెక్క వల్లే. కానీ 1948 జూన్ వ్యాసంలోని, తాత్కాలికంగానైనా మేలు పొందిన పిల్లల వెనక ఆయన ఉన్నారని ఆ లెక్క చెప్పదు. పిల్లలూ, ఆయన పేరు పుస్తకాల్లో మీకు కనిపించకపోవచ్చు. అందుకే ఇక్కడ చెబుతున్నాం. మార్కులు తగ్గాయని మీరు దిగులుపడిన రోజున అమ్మానాన్నలతో కలిసి ఈ పేజీ మరోసారి చదవండి.