రంగుల్లో కథ చెప్పిన వ.పా.

తెలుగు పత్రికల పాత సంచికలను తిరగవేసేటప్పుడు, బొమ్మకు ఒక మూలన ‘వ.పా.’ అన్న రెండక్షరాలు మనకు కనిపిస్తూ ఉంటాయి. ఆ అక్షరాలు వడ్డాది పాపయ్యగారివి. ఇంటిపేరులోని మొదటి అక్షరాన్నీ, తన పేరులోని మొదటి అక్షరాన్నీ కలిపి ఆయన ఆ సంతకం చేసేవారు. పిల్లల పుస్తకానికి బొమ్మ వేయడం తేలిక పని అని చాలామంది అనుకుంటారు. కథలో ఉన్నదాన్ని గీసి, రంగు పూస్తే సరిపోతుందని వారి ఊహ. ఆ పని ఎంత ఆలోచననూ, ఎంత ఓర్పునూ కోరుతుందో వ.పా. జీవితం మనకు తెలియజేస్తుంది.

పాపయ్య 1921వ సంవత్సరం సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళంలో జన్మించారు. తల్లి మహాలక్ష్మి, తండ్రి రామమూర్తి. ఆ రోజుల్లో శ్రీకాకుళమూ, మన వేలూరూ, గుడియాత్తమూ అన్నీ మద్రాసు రాజధానిలోనివే. రామమూర్తిగారు బడిలో డ్రాయింగు మాస్టారు. డ్రాయింగు మాస్టారి ఇంట పుట్టిన బాలునికి రంగులు, కుంచెలు కొత్త వస్తువులు కావు. తండ్రే ఆయనకు తొలి గురువు.

ఆ కాలంలో దక్షిణదేశంలో చాలా ఇళ్ళ గోడల మీద రాజా రవివర్మ చిత్రాలు ఉండేవి. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పి, తన చిత్రాలను అచ్చువేయించి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చారు. రాజమందిరాలలో ఉండవలసిన బొమ్మ పేదవాని ఇంటికి కూడా చేరింది. ఆ చిత్రాలు బాలుడైన పాపయ్యను గాఢంగా ఆకర్షించాయి. అచ్చుయంత్రం వల్ల ఒక చిత్రం వేల ఇళ్ళకు చేరగలదన్న సత్యం ఆయన కళ్ళ ముందే ఉంది. తరువాతి కాలంలో ఆయన నడిచిన మార్గం కూడా అదే.

పాపయ్య పెరిగి పెద్దయ్యాక అనకాపల్లి దగ్గరి కశింకోటలో చాలాకాలం నివసించారు. ఆ ప్రాంతపు కొండలు, తోటలు, సంతలు, పండుగలు, పొలం పనులు ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. ఋతువులను, రాగాలను, కావ్యనాయికలను, పల్లె జీవనాన్ని ఆయన చిత్రించారు. ఆ బొమ్మలు ప్రజలకు పరిచయమైనది ప్రదర్శనశాలల్లో కాదు, పత్రికల్లో. చక్రపాణిగారు నడిపిన ‘యువ’ మాసపత్రికకు వ.పా. ముఖచిత్రాలు గొప్ప అలంకారాలు. సభలన్నా, సన్మానాలన్నా ఆయనకు అంతగా ఇష్టం ఉండేది కాదు. బొమ్మ మాట్లాడితే చాలు, బొమ్మ వేసినవాడు మాట్లాడనక్కరలేదన్నట్లు ఆయన జీవించారు.

పిల్లలకు వ.పా. దగ్గరైనది ‘చందమామ’ ద్వారా. బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలైలో మద్రాసు నుండి ఈ పత్రికను ప్రారంభించారు. తెలుగులో ‘చందమామ’, తమిళంలో ‘అంబులిమామ’ ఒకేసారి వెలువడ్డాయి. 1949లో కన్నడం, హిందీ తోడయ్యాయి. కాలక్రమాన పదికి పైగా భారతీయ భాషల్లో ఈ పత్రిక వచ్చింది. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, శంకర్ వంటి చిత్రకారులు దానికి బొమ్మలు వేశారు. 1960ల నుండి వ.పా. వేసిన ముఖచిత్రాలు చందమామకు ఒక ప్రత్యేకతను తెచ్చాయి. రామాయణ, భారత, భాగవత ఘట్టాలు ఆ అట్టల మీద రంగురంగులుగా వెలిగాయి.

అలాంటి బొమ్మ ఎలా తయారవుతుందో ఇప్పుడు తెలుసుకుందాం.

చిత్రకారుడు ముందు కుంచె పట్టడు, కథ చదువుతాడు. ఒకసారి కథ కోసం, ఇంకొకసారి బొమ్మ కోసం చదువుతాడు. కథలో ఎన్నో సంఘటనలు జరుగుతాయి. బొమ్మలో కాలం కదలదు. కాబట్టి వాటిలో ఒక్క క్షణాన్ని ఎన్నుకోవాలి. ఉదాహరణకు, హనుమంతుడు సముద్రాన్ని దాటే ఘట్టాన్ని తీసుకోండి. మహేంద్రగిరి మీద కాలు అదిమి ఎగరబోయే క్షణాన్ని వేయవచ్చు. నడి సముద్రం మీద ఎగిరే క్షణాన్ని వేయవచ్చు. లంకలో దిగిన క్షణాన్ని వేయవచ్చు. మొదటిదానిలో బలం కనిపిస్తుంది, రెండవదానిలో వేగం, మూడవదానిలో విజయం. మొదటి బొమ్మను చూసిన పిల్లవాడు తరువాత ఏమవుతుందోనని పుట తిప్పుతాడు. మూడవ బొమ్మను ముందే చూపితే ఆ ఆత్రుత ఉండదు. ఏ క్షణాన్ని వేయాలో తెలియడమే కథాచిత్రకారుని మొదటి పరీక్ష.

రెండవ పని పరిశీలన. పురాణకథలో రాజు ధరించే కిరీటం ఎలా ఉండాలి? గుర్రానికి కళ్ళెం ఎలా వేస్తారు? ధనుస్సును ఏ చేత్తో పట్టుకుంటారు? పిల్లలు చూడరులే అనుకోవడానికి వీలులేదు. పెద్దలకన్నా పిల్లలే బొమ్మను ఎక్కువసేపు చూస్తారు. నగలు, ఆయుధాలు, వస్త్రాలు తెలుసుకోవడానికి మన దేశంలో ఆలయ శిల్పాలే గొప్ప పుస్తకాలు. వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయానికి వెళ్ళినప్పుడు కల్యాణమండపపు స్తంభాలను గమనించండి. యాళి మృగాలు, గుర్రాలు, వాటి మీది రౌతులు, వారి ఆభరణాలు అన్నీ రాతిలో స్పష్టంగా కనిపిస్తాయి. ఒక స్తంభం ముందు కూర్చొని ఒక గుర్రాన్ని గీసి చూడండి. గీయనంతవరకు మనం దేన్నీ పూర్తిగా చూడలేదని అప్పుడు తెలుస్తుంది.

మూడవ పని పెన్సిలు గీతలు. చిత్రకారుడు చిన్నచిన్న నమూనాలు గీసుకుంటాడు. మనిషిని పెద్దగా చూపాలా, చిన్నగా చూపాలా, ఏ వైపు తిప్పాలి అన్నది వాటిలోనే తేల్చుకుంటాడు. ముఖచిత్రమైతే పైభాగంలో పత్రిక పేరుకు చోటు వదలాలి. హనుమంతుని తల మీద అక్షరాలు పడితే బొమ్మ పాడవుతుంది. లోపలి పుటలకు వేసే బొమ్మల్లో కథను అచ్చువేయడానికి చోటు విడవాలి. ఎక్కడ గీయాలో తెలిస్తే చాలదు, ఎక్కడ గీయకూడదో కూడా తెలియాలి.

నాలుగవ పని రంగులు వేయడం. నీటిరంగులు చూడడానికి సులభంగా ఉంటాయి, వాడడానికి కఠినమైనవి. లేత రంగును ముందు వేసి, అది ఆరాక ముదురు రంగులోకి పోవాలి. వెలుగు కావలసిన చోట కాగితపు తెల్లదనాన్నే అలాగే విడిచిపెట్టాలి. ఒకసారి నల్లబడిన చోటును మళ్ళీ వెలిగించడం కష్టం. అందుచేత చివర ఏమి రావాలో మొదటే మనసులో చూడగలగాలి. వ.పా. బొమ్మల్లోని కాంతిని చూసినవారు ఆశ్చర్యపోయేది ఇందుకే.

ఆ తరువాతి పని అచ్చుయంత్రానిది. గుడియాత్తం ప్రాంతంలో తయారయ్యే అగ్గిపెట్టెను ఒకదాన్ని తీసుకొని, దాని మీది బొమ్మను భూతద్దంతో చూడండి. నిండుగా కనిపించే రంగులో సన్నని చుక్కలు కనిపించవచ్చు. రంగుల అచ్చులో ఉన్న రహస్యం అదే. రంగు గాజు పలకల ద్వారా బొమ్మను కెమెరాతో తీసి, అందులోని పసుపు, ఎరుపు, నీలం, నలుపు భాగాలను విడదీసేవారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అచ్చుదిమ్మె తయారుచేసేవారు. నాలుగు రంగులనూ ఒకే కాగితం మీద, ఒకదానిపై ఒకటి సరిగ్గా పడేటట్లు అచ్చువేసేవారు. పసుపు చుక్కలూ నీలం చుక్కలూ పక్కపక్కన పడితే కంటికి ఆకుపచ్చగా తోస్తుంది. ఒక రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ మసకబారుతుంది. చవక కాగితం సిరాను పీల్చుకోవడం వల్ల సన్నని గీతలు చెదిరిపోతాయి. అచ్చులో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలిసి వేసినవాడే మంచి పత్రికాచిత్రకారుడు. పాఠకుడు చూసేది చిత్రకారుని బల్ల మీది బొమ్మను కాదు, తన చేతికి వచ్చిన అచ్చుబొమ్మను.

చందమామ చిత్రకారులకు ఇంకొక బాధ్యత కూడా ఉండేది. భాషలు వేరైనా కథలు ఒకటే, బొమ్మలూ ఒకటే. తెలుగు సంచికలో ఒక పుటలో ఉన్న బొమ్మే తమిళ సంచికలోనూ ఉండేది. బొమ్మ పక్కన విడిచిన చోటులో ఒక్కొక్క భాషవారు తమ అక్షరాలను కూర్చుకొనేవారు. అందుచేత బొమ్మలో ఏ భాష అక్షరాలనూ రాయకూడదు. అంగడి మీద పేరుపలక వేయకుండానే అది అంగడి అని తెలియాలి. వాడు గడుసువాడు అని రాయకుండానే ముఖం చూసి గ్రహించాలి. మాట సాయం లేకుండా, ప్రతి భాష పిల్లవాడికీ అర్థమయ్యేటట్లు చెప్పగలిగినప్పుడే బొమ్మ పూర్తి అయినట్లు లెక్క.

ఇది మనకు ఎంతో దగ్గరి విషయం. రాయవేలూరు, గుడియాత్తం వంటి ఊళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు, తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా పక్కపక్కనే జీవిస్తున్నాయి. ఒక ఇంట చందమామ, పక్కింట అంబులిమామ ఉంటే, ఇద్దరు పిల్లలూ ఒకే బొమ్మను చూసి ఒకే కథను తమ తమ భాషల్లో చదవగలిగేవారు. ఎవరి భాషనూ ఎవరూ వదులుకోనక్కరలేదు. ఇద్దరి మధ్యా వంతెనగా బొమ్మ నిలిచింది. శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుని ఊహ ఇలా దేశమంతటా ఎందరో పిల్లల సొత్తు అయింది.

వడ్డాది పాపయ్య 1992వ సంవత్సరం డిసెంబరు 30వ తేదీన కన్నుమూశారు. చందమామ పత్రిక కూడా ఆగిపోయి పదేళ్ళు దాటింది. అయినా పాత సంచికలను భద్రపరచినవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ బొమ్మలను చూస్తూ కుంచె పట్టడం నేర్చుకొంటున్నవారూ ఉన్నారు. గొప్ప నగరంలో పుట్టకపోయినా, పేరుకోసం పాకులాడకపోయినా, చేసే పని మీద ఏకాగ్రత ఉంటే ఒక మనిషి ఎంత దూరం చేరగలడో చెప్పడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

మీ ఇంట్లోనో, మీ ఊరి గ్రంథాలయంలోనో పాత చందమామ దొరికితే అట్టను శ్రద్ధగా చూడండి. చిత్రకారుడు ఏ క్షణాన్ని ఎన్నుకొన్నాడో, ఎక్కడ వెలుగును విడిచిపెట్టాడో, చూపు ముందు ఎక్కడికి పోతుందో గమనించండి. మీ తమిళ స్నేహితుణ్ణి కూడా పిలిచి చూపించండి. బొమ్మలోని కథ మీ ఇద్దరికీ సమానంగా తెలుస్తుంది. మూలన ‘వ.పా.’ అన్న సంతకం ఉంటే, ఆ రెండు తెలుగు అక్షరాలను మాత్రం మీరే చదివి వినిపించవలసి ఉంటుంది. మాతృభాషలోని అక్షరాలు నేర్చుకొన్నందువల్ల మీకు దక్కే గౌరవం అది.